కడవనీరు – కాలువనీరు

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



ఒక గ్రామమున ఒక గ్రంథాలయము 25 సంవత్సరములు తలుపు మూయకుండ నిలుచుట సామాన్య విషయము కాదు. దీపము వెలిగించుట ఒకనాటి పని. అందు నూనె తరుగకుండ చూచుట నిత్యకృత్యము. ఈ ఉత్సవ సందర్భమున నన్ను నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు కోరిరి. ఏదైన ప్రబంధమును గూర్చి చెప్పుదునని పలువురు తలచియుందురు. నేను లెక్కలు వ్రాయు వృత్తిలోనివాడను. కావ్యములు నాకై నేను కూడబలుకుకొని చదివికొన్నవి. అందుచే లెక్కకును కావ్యమునకును నడుమనున్న ఒక విషయమును నేడు ఎత్తికొనుచున్నాను.

పరులకు మేలు చేయు సంస్థ తన కాళ్ళమీద తాను నిలుచుట ఎట్లు? అది సొమ్ము ఆర్జించినచో సేవ యనిపించుకొనునా? ఆర్జింపనిచో బ్రతుకునా? అది చేసిన మేలును ఏ చిట్టాలో, ఏ పద్దు క్రింద వ్రాయవలెను? ఇవి నా ప్రశ్నలు. ఇవి గాలిలోని ప్రశ్నలు కావు. మన పల్లెలలో సేవ చేయవలెనను తలంపుగల యువతీయువకులు కొందరున్నారు. దాత దొరికినంతకాలము పని సాగును. దాత చేయి వెనుకకు తీసికొనిన నాడు తాళము పడును. అట్లు తాళము పడిన గదులను మనమందరము చూచియే యున్నాము.

సంఘములోని ఒక కొఱతను తీర్చుటకై వ్యాపారపు నేర్పును వినియోగించి, ఆ పని చిరకాలము సాగునట్లు సంస్థను కట్టువారిని ఇంగ్లీషున సోషల్ ఎంట్రప్రెన్యూర్లందురు. మన పత్రికలవారు సామాజిక వ్యవస్థాపకులని వ్రాయుచున్నారు. మాట క్రొత్తది, పని ప్రాతది. భాగవతము నవమస్కంధమున ఇద్దరు రాజుల కథలున్నవి. ఆ రెండును ప్రక్కప్రక్కన నిలిపి చూచినచో ఈ మాట యొక్క అర్థము తేటపడును.

రంతిదేవుడు నలుబదియెనిమిది దినములు అన్నపానములు లేకయుండి, తుదకు లభించిన ఆహారమును వచ్చిన అతిథులకు పంచియిచ్చెను. చివరకు మిగిలిన నీటిని సయితము దప్పిగొన్నవానికి పోసెను. ఆ త్యాగమునకు చేయెత్తి మ్రొక్కవలసినదే. కాని ఆ నీరు ఒక్కని దప్పి తీర్చినది, పాత్ర ఖాళీయైనది. భగీరథుడు చేసిన పని వేఱు. సగరపుత్రుల బూడిదప్రోవుల మీదికి ఆకాశగంగను దింపవలెనని అంశుమంతుడు తపించెను, దిలీపుడు తపించెను. మూడవ తరమువాడైన భగీరథుడు సాధించెను. అతడు కడవతో నీరు మోయలేదు. ప్రవాహమునకు దారి చూపుచు ముందు రథమెక్కి నడచెను. తన పితరులకొఱకు తెచ్చిన నీరు తనకు తెలియని కోట్లజనుల చేలకును గొంతులకును చేరినది. కడవనీరు దానము, కాలువనీరు వ్యవస్థ. లోకమునకు రెండును కావలెను. మంటలు లేచినపుడు కాలువ త్రవ్వుచు కూర్చుండరాదు, కడవయే కావలెను. కాని ఏటేట వచ్చు కఱవునకు కడవ చాలదు.

కాలువ త్రవ్వినవారి కథలను రెండుమూడింటిని మీకు మనవి చేసెదను.

మొదటిది మధుర కథ. మన తమిళసోదరుల మధుర. డాక్టరు గోవిందప్ప వెంకటస్వామిగారు 1918లో ఒక పల్లెలో రైతుకుటుంబమున జన్మించిరి. వైద్యవిద్య ముగించి సైన్యమున చేరినపిదప కీళ్ళవాతము వారి వ్రేళ్ళను వంకరలు త్రిప్పివేసినది. కలము పట్టుటయే కష్టమైన ఆ చేతులతో, తమకు తగినట్లు పనిముట్లు చేయించుకొని, వారు కంటిశస్త్రవైద్యము నేర్చిరి. తమ జీవితకాలమున లక్షకు పైగా శస్త్రచికిత్సలు స్వహస్తముతో చేసిరి. 1976లో ప్రభుత్వోద్యోగమునుండి విరమించిన తరువాత, అనగా మనలో పలువురు అరుగుమీద కుర్చీ వేసికొను వయస్సున, వారు తోబుట్టువుల సాయముతో 11 పడకల కంటి ఆసుపత్రిని తెఱచిరి. శ్రీ అరవిందుల పేర దానికి అరవింద నేత్రవైద్యశాల యని పేరు పెట్టిరి.

మన దేశమున శుక్లములు కమ్మి చూపు పోయినవారి సంఖ్య నాడు లక్షలలో నుండెడిది. శుక్లమును తీసివేసినచో చూపు వచ్చును. అనగా ఆ అంధత్వము దైవకృతము కాదు. వైద్యుడును రోగియును కలిసికొనకపోవుటవలన నిలిచియున్నది. ప్రభుత్వము కూడ ఆ 1976లోనే జాతీయ అంధత్వ నివారణ పథకమును ప్రారంభించినది. పని కొండంత, చేతులు కొన్ని. కావున వెంకటస్వామిగారు మొదట వేసికొన్న ప్రశ్న దానమెంత తెత్తునని కాదు. ఒక వైద్యుని గంటలో ఎంత పని వ్యర్థమగుచున్నదని. అమెరికాలో మెక్డొనాల్డ్స్ అను ఫలహారశాలలు ఊరూర ఒకే తీరున, ఒకే నాణ్యముతో రొట్టెలు అమ్ముట చూచి, చూపును మాత్రము అట్లేల పంచరాదని వారనెడివారట.

ఆ ఆసుపత్రి పద్ధతిని వినుడు. శస్త్రవైద్యునకు రెండు బల్లలుండును. ఒక బల్లమీద చికిత్స జరుగుచుండగా రెండవ బల్లమీద మరియొక రోగిని సిద్ధము చేసియుంచెదరు. వైద్యుడు ఒకటి ముగించి రెండవదానివైపు తిరుగును. రోగిని పరీక్షించుట, కొలతలు తీయుట, మందు వేయుట, ధైర్యము చెప్పుట మొదలైనవన్నియు పల్లెలనుండి వచ్చిన ఆడపిల్లలు చేయుదురు. వారికి రెండేండ్లు శిక్షణ యిచ్చి ఆ పనికి తీర్చుకొందురు. వైద్యుడు తానొక్కడే చేయగల పనిని మాత్రమే చేయును. ఈ విధమున అక్కడి వైద్యుడొకడు సంవత్సరమునకు చేయు చికిత్సలు ఇతరచోట్ల చేయువానికి అనేక రెట్లు. ఖర్చు తగ్గినది చికిత్సలో కోత పెట్టుటచేత కాదు. కాలములోని వ్యర్థమును తీసివేయుటచేత. లెక్కలవాడను గావున ఈ భేదము నాకు మిక్కిలి ముఖ్యముగ తోచును. సరుకు తగ్గించి ఖర్చు తగ్గించుట పిసినితనము. పని తీరు మార్చి ఖర్చు తగ్గించుట ప్రజ్ఞ.

ఇక సొమ్ము సంగతి. ఇయ్యగలవారు రుసుము నిచ్చెదరు. ఇయ్యలేనివారు ఉచితముగనో స్వల్పధరకో చికిత్స పొందెదరు. ఇంచుమించు సగముమంది ఈ రెండవ తెగవారే. రుసుమిచ్చువారివలన మిగిలినది ఇయ్యలేనివారికి చేరును; క్రొత్త ఆసుపత్రులకు పెట్టుబడియగును. ఇక్కడ ఒక సూక్ష్మమున్నది. నీవు బీదవాడవని ఋజువు చూపుమని అక్కడ ఎవ్వరును అడుగరు. ఏ ద్వారమున ప్రవేశింపవలెనో రోగియే నిర్ణయించుకొనును. ఉచితవిభాగమున చాపపఱుపు, రుసుమిచ్చుచోట మంచమును గదియు. కాని వైద్యులు వారే. వంతులవారీగ ఉభయత్ర పనిచేయుదురు. సుఖమునకు వెలగలదు, చూపునకు భేదము లేదు. దానము పుచ్చుకొనువాని తల వంగకుండ దానము చేయు ఉపాయమిది.

అయినను మొదటిదినములలో ఒక చిక్కు ఎదురైనది. చికిత్స ఉచితమని చాటించినను పల్లెలలోని గ్రుడ్డివారందరు రాలేదు. ఎందులకు? చికిత్స ఉచితమే, బస్సుచార్జి ఉచితము కాదు, పట్టణములో భోజనము ఉచితము కాదు. తోడువచ్చు కుమారుని కూలి ఎవరిత్తురు? ఇది కనిపెట్టి వారు పల్లెలలో శిబిరములు పెట్టి, చికిత్స అవసరమైనవారిని తామే బస్సులలో తీసికొనిపోయి, భోజనము పెట్టి, తిరిగి ఊరికి చేర్చుట ఆరంభించిరి. మనము ఇయ్యదలచినది వేఱు, ఎదుటివానికి కావలసినది వేఱు. ఈ రెంటి మధ్య దూరమును కొలిచినవాడే వ్యవస్థాపకుడు.

మరియొక ఘట్టము. పూర్వము శుక్లము తీసినపిదప సీసామూతివంటి దళసరి కళ్ళద్దములిచ్చెడివారు. అవి పగిలినచో మరల అంధత్వమే. కంటిలోపలనే అమర్చు కటకము వచ్చినది గాని, విదేశమునుండి వచ్చుదానివెల నూరు డాలర్ల ప్రాంతమున నుండెడిది. ధనికునకు కటకము, దరిద్రునకు కళ్ళద్దమా యని అరవిందవారు 1992లో ఆరోలాబ్ అను కర్మాగారమును పెట్టి ఆ కటకములను తామే తయారుచేసిరి. వెల పది డాలర్ల ప్రాంతమునకు, పిదప అంతకంటెను క్రిందికి దిగినది. నేడవి నూరు దేశములకు పైగా పోవుచున్నవి. వెంకటస్వామిగారు 2006లో పరమపదించిరి, సంస్థ ఆగలేదు. కాలువకు ఇదియే గుర్తు. త్రవ్వినవాడు పోయినను నీరు పారుచుండవలెను.

మన తెలుగునాట ఇట్టిది లేదా యని అడుగుదురేమో. ఉన్నది. హైదరాబాదులో డాక్టరు గుళ్ళపల్లి నాగేశ్వరరావుగారు 1987లో నెలకొల్పిన ఎల్.వి. ప్రసాద్ నేత్రవైద్యసంస్థ ఇట్టిదే. పట్టణమందలి పెద్ద ఆసుపత్రి శిఖరముగా, పల్లెలలోని చిన్న దృష్టికేంద్రములు పునాదిగా, మెట్లుమెట్లుగా కట్టిన గోపురమువంటి ఏర్పాటు వారిది. అక్కడను చికిత్సలలో సగముదాక ఉచితమే.

రెండవ కథ గుజరాతులోని ఆనందు గ్రామమునకు చెందినది. అచ్చటి ఖేడా జిల్లా రైతులు పాలు పోసెడివారు. పోల్సన్ అను డెయిరీ వాటిని కొని బొంబాయికి పంపెడిది. 1945లో బొంబాయి ప్రభుత్వము నగరమునకు పాలు తెప్పించు పథకమును పెట్టి, కొనుగోలు అధికారమును ఆ డెయిరీకి అప్పగించినది. నగరమున ధర పెరిగినను గేదెను మేపినవానికి పెరుగలేదు. రైతులు సర్దారు పటేలుగారియొద్దకు పోయిరి. మీ పాలను మీరే అమ్ముకొనుడని వారు చెప్పి మొరార్జీ దేశాయిగారిని పంపిరి. 1946 జనవరిలో సమర్ఖా గ్రామమున సభ జరిగినది. ఊరూర సంఘము పెట్టుకొనవలెననియు, ఆ డెయిరీకి చుక్క పాలు పోయరాదనియు తీర్మానించిరి. పదునైదు దినములు పాలు నేలపాలైనవి గాని బొంబాయికి పోలేదు. ప్రభుత్వము దిగివచ్చినది. ఆ సంవత్సరము డిసెంబరు 14వ తేదీన జిల్లా సహకారసంఘము నమోదైనది. మొదటి దినములలో చేరిన పాలు 247 లీటర్లు. అదియే నేడు అమూల్ అను పేర ఇంటింట వినబడుచున్నది.

త్రిభువనదాస్ పటేలుగారు రైతుల విశ్వాసమును కూడగట్టిరి. 1949లో వచ్చిన వర్గీసు కురియన్‌గారు యంత్రపు నేర్పును అమ్మకపు నేర్పును చేర్చిరి. గేదెపాలనుండి పాలపొడి తీయుట సాధ్యము కాదని విదేశనిపుణులు చెప్పుచుండగా హెచ్. ఎం. దలాయాగారు చేసి చూపిరి. ఇవన్నియు గొప్ప సంగతులే. కాని నా కంటికి అన్నిటికంటె గొప్పది ఊరి సంఘమున పాలు కొలుచు పద్ధతి. ఉదయము, సాయంత్రము పాలు కొలుతురు, వెన్నశాతము పరీక్షింతురు, ఆ శాతమునుబట్టి ధర కట్టుదురు. పాత పూట సొమ్ము క్రొత్త పూటకు చేతిలో పడెడిది. పది గేదెలున్నవానికిని ఒక గేదెయున్న విధవరాలికిని సంఘమున ఒక్కొక్క ఓటే. కులమేదైనను వరుసలో ముందు వచ్చినవారు ముందు నిలుతురు. కొలపాత్ర నిజము చెప్పినచోట నీతిని వేఱుగ బోధింపనక్కరలేదు.

1964లో లాల్ బహదూర్ శాస్త్రిగారు ప్రధానిగా ఆనందునకు వెళ్ళి, ఒక రాత్రి పల్లెలో బసచేసి, ఈ పద్ధతి యొక్క మర్మమును రైతుల నోటనే విని, దేశమంతట ఇది వ్యాపింపవలెనని సంకల్పించిరి. మరుసటి యేడు జాతీయ పాడి అభివృద్ధి సంస్థ ఏర్పడినది. 1970లో క్షీరవిప్లవ పథకము మొదలైనది. మన ప్రాంతమునను ఇట్టి సహకారమునకు నిలువెత్తు సాక్ష్యము నాటి కరీంనగరు జిల్లాలోని ముల్కనూరు. 1956లో విశ్వనాథరెడ్డిగారి పూనికతో అచ్చట పుట్టిన సహకారసంఘము రైతునకు అప్పిచ్చుటతో ఆగక పంట అమ్మిపెట్టు పనికూడ చేపట్టినది. 2000లో ఆ పరిసరముల స్త్రీలే పాల సహకారసంఘమును పెట్టుకొని తామే నడుపుకొనుచున్నారు.

మధురకును ఆనందునకును భేదము చూచితిరా? మధురలో మిగులు సొమ్ము ఎటు పోవలెనో స్థాపకుని సంకల్పమే నియమించినది. ఆనందులో మిగులు ఎవరిదో చట్టమే నియమించినది. పాలు పోసినవానిదే. త్రోవలు రెండు, ధర్మమొకటే. మిగిలినది మూలమునకు చేరవలెను.

ఆ ధర్మము తప్పినచో ఏమగునో మూడవ కథ చెప్పును. అది తూర్పున బంగాళదేశమున మొదలై మన గుమ్మములోనికి వచ్చినది.

1974లో బంగాళదేశమున ఘోరమైన కఱవు వచ్చినది. చిట్టగాంగు విశ్వవిద్యాలయమున అర్థశాస్త్రము బోధించుచున్న మహమ్మదు యూనస్‌గారు, ప్రక్కనున్న జోబ్రా గ్రామమున వెదురుపీటలు అల్లు స్త్రీల బ్రతుకులను పరికించిరి. వెదురునకు పెట్టుబడి లేదు. పెట్టుబడి యిచ్చు వర్తకునకే, అతడు చెప్పిన ధరకే పీటలమ్మవలెను. కష్టము వీరిది, ఫలము వానిది. ఆ గ్రామమున 42 మంది అట్టివారి అప్పు మొత్తము లెక్కించగా 856 టాకాలు తేలినది. అంత స్వల్పమునకు 42 మంది దాస్యము! 1976లో వారు తమ సొమ్ము ఇచ్చి ఆ కట్టు తెంపిరి. తరువాత అయిదుగురేసి జట్లుగా చేర్చి, తాకట్టు లేకుండ అప్పిచ్చు పద్ధతిని కల్పించిరి. అది 1983లో గ్రామీణ బ్యాంకైనది. అప్పు తీసికొన్నవారే అందు ప్రధాన వాటాదారులు. 2006లో వారికిని బ్యాంకునకును కలిపి నోబెల్ శాంతిబహుమానము లభించినది.

ఆ కీర్తి విన్న తరువాత మన ఆంధ్రదేశమున చిన్న అప్పుల సంస్థలు పుట్టగొడుగులవలె లేచినవి. మొదట కొన్ని సేవాసంస్థలుగనే మొదలైనవి. పిమ్మట పెట్టుబడిదారుల సొమ్ముతో కంపెనీలైనవి. ఎన్ని అప్పులిచ్చిరన్నదే ఘనతయైనది. ఒకే యింట రెండు మూడు సంస్థల అప్పులు చేరినవి. ఒక వారపు కిస్తు కట్టుటకు మరియొక అప్పు, దానికొఱకు ఇంకొకటి. జట్టులో ఒకతె కట్టలేనిచో తక్కినవారే ఆమె గుమ్మమున కూర్చుండిరి. ఓదార్పునకై ఏర్పడిన జట్టు ఒత్తిడికి పనిముట్టైనది. 2010 ఆగస్టులో ఇట్టి సంస్థ యొకటి బొంబాయి విపణిలో షేర్లు అమ్మి విశేషధనము సేకరించినది. ఆ అక్టోబరులోనే, వసూళ్ళ వేధింపులకు తాళలేక ఆత్మహత్యలు జరుగుచున్నవను వార్తలనడుమ, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఆర్డినెన్సును తెచ్చినది. ఇండ్లకు పోయి వసూలు చేయరాదు, బహిరంగస్థలముననే నెలవారీగ తీసికొనవలెను, వడ్డీ అసలును మించరాదు అని శాసించినది. ఈ చివరి నియమము మన ధర్మశాస్త్రములలో ఏనాడో యున్నది. వసూళ్ళు ఆగినవి. అప్పులును ఆగినవి. నిజముగ అక్కర గలవారికి సయితము దారి మూతపడినది.

మరల భగీరథుని కథకు రండు. దిగివచ్చుటకు గంగ ఒప్పుకొన్నది గాని, నా వేగమును భరించువాడెవ్వడని అడిగినది. భరించువాడు లేనిచో భూమిని చీల్చుకొని పాతాళమునకు పోదునన్నది. అపుడు శివుడు జటాజూటమున ఆమెను పట్టి నిలిపెను. జోబ్రాలో 42 మందికి దప్పి తీర్చిన నీరే ఆంధ్రమున వరదయైనది, జటాజూటము లేదు. ధనప్రవాహమున దోషము లేదు. దానిని పట్టి, తగ్గించి, దారిని పెట్టు నియమము లేకుండుటయే దోషము. నియమము ఆలస్యముగ వచ్చినచో అది ఆనకట్ట కాదు, అడ్డుగోడ యగును.

ఇంతకును ఆ చిన్న అప్పులు మేలు చేసినవా, కీడు చేసినవా? ఇరుపక్షములవారును కథలు చెప్పిరి. కాని కథ సాక్ష్యమగును గాని లెక్క కాదు. ఆర్థికశాస్త్రవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లో ప్రభృతులు హైదరాబాదులోనే లెక్క తీసిరి. 104 బస్తీలను ఎన్నుకొని, చీట్లు తీసినట్లుగ వానిలో సగమునందు అప్పుల సంస్థ ముందుగ ప్రవేశించునట్లు చేసి, తక్కిన సగముతో పోల్చి చూచిరి. 2015లో ప్రచురించిన ఫలితమిది. వ్యాపారముపై పెట్టుబడి కొంత పెరిగినది, ఇంటి వస్తువుల కొనుగోలు కొంత పెరిగినది; కాని పిల్లల చదువునందు, ఆరోగ్యమునందు, స్త్రీల స్వాతంత్ర్యమునందు చెప్పదగిన మార్పు కనబడలేదు. అప్పు కొందరికి పనిముట్టు. అందరికి మోక్షము కాదు. సంస్థ పుస్తకములలో వసూలు నూటికి నూరు పాళ్ళున్నను, ఇల్లాలి బ్రతుకులో జమ ఏమున్నదో వేఱుగ చూడవలసినదేయని ఆ లెక్క తేల్చినది.

మన వృత్తిలో చిట్టా యున్నది, ఆవర్జా యున్నది. వచ్చినది జమ, పోయినది ఖర్చు, మిగిలినది నిలువ. ఆ నిలువ సంస్థది. సంఘమునకు కలిగిన విలువ ఆ పుస్తకమున కనబడదు. చూపు వచ్చిన ముసలమ్మ మరల బియ్యము ఏరుకొనగలుగుట, ఆమెకు తోడుగ ఇంటనుండిన మనుమరాలు బడికి పోగలుగుట, ఒక గేదె పాలసొమ్ముతో ఒక స్త్రీ ఎవ్వరి చేయి చూడక ఉప్పుపప్పులు తెచ్చుకొనుట, ఇవి ఏ ఆవర్జాకును ఎక్కవు. అందుచే సేవాసంస్థకు రెండవ పుస్తకమొకటి కావలెను. దానియందు నాలుగు ప్రశ్నలకు ఏటేట జవాబు వ్రాయవలెను.

మొదటిది: ఎవరికి చేరినది? చేరవలసినవానికి చేరినదా, చేరుట సులభమైనవానికి చేరినదా? రెండవది: మనము లేకున్నచో వారికి ఏమి జరిగియుండెడిది? తామే సాధించుకొనెడివారైనచో అది మన జమ కాదు. మూడవది: మిగులు ఎటు పోయినది? మూలమునకా, పైవారి సంచికా? నాలుగవది: కష్టము కలిగినపుడు, వద్దు అని చెప్పు అధికారము ఆ సేవ పొందువారికి ఉన్నదా? మధుర రోగికి ద్వారము ఎన్నుకొను స్వేచ్ఛ యున్నది. ఆనందు రైతునకు ఓటున్నది. 2010 నాటి మన అక్కచెల్లెండ్రకు ఈ నాలుగవది లేకపోయినది.

ఇక్కడ ఒక ఆక్షేపణ వచ్చును. వైద్యము, విద్య, ఋణము ప్రభుత్వము చేయవలసిన పనులు గదా, వీరు చేయుటచే ప్రభుత్వము నిద్రపోదా యని. ఆక్షేపణ తీసివేయదగినది కాదు. కాని చూడుడు. ఆనందునకు ప్రభుత్వపు బలము తోడుగనున్నది. మధుర పనికి జాతీయ పథకము తోడైనది. చిన్న అప్పుల విషయమున ప్రభుత్వము నిద్రించినపుడే కీడు మూడినది. వ్యవస్థాపకుడు త్రోవ కనిపెట్టును. దానిని రహదారిగ వేయుట రాజ్యము పని. ఒకరు రెండవవారికి బదులు కారు. మనవంటి వర్ధమానదేశములలో రాజ్యము చేయి ఇంకను అందని మూలలున్నవి. ఆ మూలలలో మొదటి దీపము పెట్టువారు వీరు.

ఈ మాటలు గ్రంథాలయ రజతోత్సవమున ఎందులకని మీరడుగవచ్చును. మన ఆంధ్రదేశమున గ్రంథాలయోద్యమమే ఇట్టి వ్యవస్థలకు పెద్దక్క. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథభాండాగార సంఘము వెలసినపుడు, అయ్యంకి వెంకటరమణయ్యగారివంటివారు ఊరూర తిరిగి పుస్తకములనే గాక, పుస్తకములను నిలుపు పద్ధతిని కూడ పంచిరి. వారికి ఈ ఇంగ్లీషు పేరు తెలియదు. పని తెలియును.

కావున మన గ్రంథాలయమునకు రాబోవు 25 ఏండ్లకై మూడు సూచనలు చేయుచున్నాను. ఇప్పటికి ఇది దాతల ఔదార్యముమీదనే నడచుచున్నది. ఆ దాతలలో పలువురు నేడు వృద్ధులు. వారి కుమారులు దూరదేశములలో నున్నారు. ఆ కడవ ఎన్నినాళ్ళో చెప్పలేము. పోటీపరీక్షలకు చదువుకొను బిడ్డలకై సాయంకాలము ఒక గది తెఱచి, ఇయ్యగలవారినుండి స్వల్పరుసుము తీసికొందము. ఇయ్యలేనివాడు ఊరకనే కూర్చుండును. ఎందులకీయవని అడుగు పుస్తకము మాత్రము పెట్టరాదు. ఇది మొదటి సూచన. బీరువాలోని పుస్తకముల సంఖ్యను కాక, చేతులు మారిన పుస్తకముల సంఖ్యను, అందును ఎన్నడును ఈ గడప త్రొక్కని పేటలనుండి వచ్చినవారి సంఖ్యను ఏటేట వ్రాయుదము. ఇది రెండవది. ఆ రెండు లెక్కలను ఉగాదినాడు ఊరిసభలో బిగ్గరగా చదువుదము. ప్రశ్నించు హక్కు పదేండ్ల పాఠకునకు కూడ ఉండవలెను. ఇది మూడవది.

సొమ్ము ముట్టినచో సేవ మైలపడునని భయపడువారికి నా మనవి ఒక్కటే. సొమ్ము నీరువంటిది. అది నిలిచినచో పాచిపట్టును, పొంగినచో ముంచును, పాఱినచో పండించును. పాఱించుటకు సంకల్పము కావలెను, గట్టు కావలెను, గట్టును ప్రతిదినము చూచుకొను కావలివాడు కావలెను. మొదటిది మన యువకులయందు కలదు. రెండవది ఈ కార్యవర్గము కట్టగలదు. మూడవది ఈ సభయందున్న మనమందరము.

 మన గ్రంథాలయము స్వర్ణోత్సవమునాడు, కాలువ నిండుగ పాఱుచున్నదని వినిపించు లెక్క చదువు భాగ్యము ఈ ఊరి బిడ్డలకు కలుగుగాక!

స్వస్తి.